ఉక్కు నగరంలో చిన్న కచేరీలు

హౌరా నుండి ముంబయి వైపు సాగే రైలుమార్గంలో సుమారు 250 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే టాటానగర్ స్టేషను వస్తుంది. రాత్రివేళ రైలు దిగినవారికి ముందుగా కనిపించేవి పొగగొట్టాలు, కర్మాగారపు దీపాల వరుసలు. ముందుగా వినిపించేది యంత్రాల హోరు. జంషెడ్‌పూర్ పేరు చెప్పగానే ఎవరికైనా ఉక్కు గుర్తుకు వస్తుంది గాని సంగీతం గుర్తుకు రాదు. లక్నోకు ఠుమ్రీ ఉన్నట్లు, తంజావూరుకు కృతి ఉన్నట్లు తనదని చెప్పుకొనే ఘరానా ఏదీ ఈ ఊరికి లేదు. పాటకాండ్రను పోషించిన రాజాస్థానమూ లేదు.

అయినా పండుగ దినాలలో ఈ ఊళ్ళో నాలుగు పేటలు తిరిగితే నాలుగు భాషల పాట చెవిని పడుతుంది. ఒకచోట రవీంద్ర సంగీతం, ఇంకొకచోట భోజ్‌పురి చైతీ, వేరొకచోట సంతాలీ డప్పుల మోత, మరొకచోట త్యాగరాజ కీర్తన. ఈ పాటలకు ఇన్నేళ్ళుగా నీడనిచ్చినవి మహాసభలు కావు. నూటయాభైమంది కూర్చుంటే నిండిపోయే చిన్నచిన్న చోట్లు. ఈ ఊరి సంగీతకథ నిజానికి ఆ చిన్నచోట్ల కథయే.

ఉత్తరంలో లేని గది

1902లో జంషెడ్‌జీ టాటా తన కుమారుడు దోరాబ్జీకి ఒక ఉత్తరం వ్రాశాడు. కర్మాగారం ఎక్కడ వెలుస్తుందో అప్పటికింకా తెలియదు. కాని అక్కడ కట్టవలసిన ఊరు ఎలా ఉండాలో ఆయన ముందుగానే ఊహించాడు. వీథులు విశాలంగా ఉండాలి, త్వరగా పెరిగి నీడనిచ్చే చెట్లు నాటాలి, పచ్చికబయళ్ళకూ తోటలకూ చోటు విడవాలి, ఫుట్‌బాలుకూ హాకీకీ మైదానాలు ఉండాలి, గుళ్ళకు, మసీదులకు, చర్చీలకు స్థలాలు కేటాయించాలి అన్నది ఆ ఉత్తరపు సారాంశం. నగర నిర్మాణాన్ని గురించి వ్రాసేవారు నేటికీ దానిని తలచుకొంటారు. ఆ ప్రసిద్ధమైన సూచనలలో సంగీతశాల ప్రసక్తి మాత్రం లేదు.

జంషెడ్‌జీ 1904లో కన్నుమూశాడు. 1907లో కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోట, సాక్చీ అనే చిన్న పల్లె పక్కన కర్మాగారం లేచింది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కుదిమ్మ తయారయింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అనీ, కాలీమాటి అనే రైలుస్టేషనుకు టాటానగర్ అనీ పేర్లు పెట్టాడు.

సంగీతాభిమానికి ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం ఒకటి ఉంది. 1912లోనే ఈ కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది. మన దేశంలో దానికి చట్టబలం చేకూరినది 1948లో. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడి వచ్చిన మనిషికి నిద్ర తప్ప వేరే కోరిక ఉండదు. ఎనిమిది గంటలు పనిచేసినవాడికి మాత్రం సాయంకాలమనేది ఒకటి మిగులుతుంది. ఆ మిగిలిన సాయంకాలంలో అతడు తన ఊరినీ, తన భాషనూ, తన పాటనూ తలచుకొన్నాడు. ఉత్తరంలో సంగీతశాల లేకపోయినా గుడికి స్థలం ఉంది గదా. ఆ గుడి మంటపమే మొదటి సంగీతశాల అయింది. దాని పక్కనే సంఘం హాలు, క్లబ్బు వేదిక వెలసినవి. బిష్టుపూర్‌లో వంగీయుల మిలనీ, సాక్చీలో టాగోర్ సొసైటీ వారి రవీంద్ర భవన్, కార్మిక నాయకుడు మైకేల్ జాన్ పేరిట వెలసిన ప్రేక్షాగృహం ఆ కోవలోనివే.

వాల్తేరు నుండి వచ్చిన గొంతులు

తెలుగువారు ఈ ఊరికి వచ్చిన దారి రైలుదారి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఒక కొమ్మ సముద్రతీరం వెంట వాల్తేరు దాకా పోయింది, ఇంకొక కొమ్మ కాలీమాటి మీదుగా నాగపూరు పోయింది. ఆ రెండు కొమ్మలూ కలిసే ఖరగ్‌పూర్ మొదట తెలుగువారికి పెద్ద నివాసమయింది. అక్కడ నుండి ఉక్కు కర్మాగారం ఎంతో దూరం కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పనికోసం బయలుదేరినవారు తట్టాబుట్టతో పాటు భజన తాళాలనూ వెంట తెచ్చుకొన్నారు.

వారు వదలి వచ్చిన సీమ సంగీతానికి పెట్టింది పేరు. సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టిన 1919లోనే విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ప్రారంభమయింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షుడు. ఆయన తరువాత ఆ పీఠం మీద ద్వారం వెంకటస్వామినాయుడు కూర్చున్నాడు. ఘంటసాల, సుశీల అక్కడనే చదువుకొన్నారు. ఒక ఊళ్ళో ఉక్కు తీగ సాగుతున్న రోజులలోనే ఇంకొక ఊళ్ళో ఫిడేలు తీగ పలుకుతున్నది. ఆ రెండింటి మధ్యా రైలు నడుస్తున్నది.

కళాశాల విద్యకు నోచుకోని పల్లెలలో తప్పెటగుళ్ళు, జముకుల కథ, రామభజన ఉండేవి. జంషెడ్‌పూర్‌కు వచ్చిన తెలుగు కార్మికులలో పెక్కుమందికి తెలిసిన సంగీతం అదే. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్ నేటికీ తెలుగువారి సమావేశ స్థలాలు. ఇటువంటి చోట్లకు ఒకనాడు ఉన్న విలువ స్వరాష్ట్రంలో ఉన్నవారికి ఒక పట్టాన అర్థం కాదు. వీధిలో హిందీ, కర్మాగారంలో ఇంగ్లీషు, ఇరుగింట బెంగాలీ లేదా ఒడియా మాట్లాడే మనిషికి గొంతెత్తి తెలుగు పలికే అవకాశం ఇచ్చినది ఆ భజనగోష్ఠి. రామదాసు కీర్తన అతనికి భక్తి మాత్రమే కాదు, భాష కూడా.

చిన్న కచేరీ లక్షణం

పెద్ద కచేరీకీ చిన్న కచేరీకీ ఉన్న భేదం జనసంఖ్యలో లేదు. పెద్ద కచేరీలో వినేవాడు చీకటిలో కూర్చుంటాడు, పాడేవాడు వెలుగులో ఉంటాడు. చిన్న కచేరీలో ఇద్దరి మీదా ఒకే దీపం వెలుగుతుంది. చాపలు పరుస్తారు, ముందు వరుసలో పిల్లలు, వెనుక గోడకు ఆనుకొని పెద్దలు కూర్చుంటారు. హార్మణి పెట్టె తెరిచేలోపల ఎవరో మృదంగానికి రవ్వ సరిచూస్తారు. గాయకుడు తాళం తప్పితే ముందు వరుసలోని చేయి అతనిని దారిలో పెడుతుంది. చరణం మరచిపోతే వెనుక నుండి ఒక గొంతు అందిస్తుంది. రాత్రి పాళీకి వెళ్ళవలసినవాడు సగంలో లేచి, పాడేవారికి ఒక నమస్కారం పెట్టి చెప్పులు వెదుక్కొంటాడు. ఆ లేచిపోవడాన్ని ఎవరూ తప్పు పట్టరు.

ఇటువంటి చోట పాడిన పిల్లకు రెండు విద్యలు అలవడతాయి. మొదటిది జంకు పోవడం. రెండవది, వినేవారి ముఖం చూసి పాట సాగించడమో తగ్గించడమో తెలియడం. ఈ రెండవ విద్యను ఏ రికార్డూ నేర్పలేదు. రికార్డు వినేవాని ముఖం చూడదు.

సరిహద్దు లేని అఖాడా

కర్మాగారం రాకముందే ఈ నేల మీద పాట ఉంది. సంతాలులు, హోలు, ముండాలు, భూమిజులు ఈ కొండలలో తరతరాలుగా ఉన్నవారు. వారి పల్లెలలో ఆటపాటలకు ఒక మైదానం ఉంటుంది, దానిని అఖాడా అంటారు. సంతాలుల వాద్యాలలో రెండు ముఖాలు ఉన్న తుమ్‌దాక్, పుల్లలతో కొట్టే తమాక్, వెదురుతో చేసిన తిరియో అనే పిల్లనగ్రోవి, ఒకే కొయ్యను తొలిచి చేసే బానామ్ ముఖ్యమైనవి. అఖాడాలో వేదిక లేదు, ప్రేక్షకుడూ లేడు. చేయీ చేయీ పట్టుకొని వరుసగా నిలిచినవారు పాడుతూ అడుగు వేస్తారు. కొత్తగా వచ్చినవాడు చూస్తూ నిలబడడు, వరుస చివర చేయి కలుపుతాడు.

జంషెడ్‌పూర్ నుండి రాంచీ వెళ్ళే దారిలో తమాడ్ వస్తుంది. ఆ ప్రాంతంలోని దేవ్‌డీ గ్రామంలో 1939లో రామ్‌దయాళ్ ముండా జన్మించాడు. చికాగోలో పరిశోధన చేసి, మినిసోటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, తిరిగి వచ్చి రాంచీ విశ్వవిద్యాలయంలో గిరిజన భాషల శాఖను తీర్చిదిద్దిన విద్వాంసుడాయన. మెడలో మాందర్ వేసుకొని విద్యార్థులతో కలసి ఆడేవాడు. ఆడేవారే మనగలుగుతారన్నది ఆయన ఎప్పుడూ చెప్పే మాట. 2010లో పద్మశ్రీ అందుకొన్న ఆ మహనీయుడు 2011లో కాలధర్మం చెందాడు. ఆయన దృష్టిలో అఖాడా వినోదశాల కాదు, ఒక జాతి బ్రతికి ఉన్నదనడానికి సాక్ష్యం.

తెలుగువారికి బాగా దగ్గరగా తోచే పండుగ ఈ సీమలో ఒకటుంది. పుష్యమాసమంతా ఆడపిల్లలు టుసు పాటలు పాడి, మకర సంక్రాంతినాడు రంగుకాగితాలతో అలంకరించిన టుసును ఏటికి సాగనంపుతారు. ధనుర్మాసమంతా గొబ్బిపాటలు పాడి సంక్రాంతికి ముగించే తెలుగు ఆడపడుచులకు ఇది పరాయి పండుగగా కనిపించదు. ఒకే సూర్యుడు ఒకేనాడు మకరరాశిలో అడుగుపెడుతుంటే సువర్ణరేఖ ఒడ్డున ఒక పాట, నాగావళి ఒడ్డున ఒక పాట ముగుస్తున్నవి.

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖను కలిసే ఖర్కాయ్ నది వెంట ఎగువకు పోతే సరాయికేలా వస్తుంది. అక్కడి ఛౌ నృత్యంలో నర్తకుని ముఖం కొయ్యలాగ కదలని ముసుగు వెనుక ఉంటుంది. నోట మాట లేదు, పాట లేదు. భావమంతా మెడ వాలులోనూ, అడుగులోనూ, దేహపు ఒంపులోనూ పలకాలి. ఢోలు, నగారా, షెహనాయి దానికి తోడు. చైత్రపర్వం నాడు ఈ ఆట చూడడానికి దూరప్రాంతాల నుండి జనం వస్తారు. 2010లో యునెస్కో ఛౌను మానవజాతి వారసత్వ కళల పట్టికలో చేర్చింది.

పళ్ళెంలోకి ఎక్కిన పాట

జంషెడ్‌జీ ఉత్తరం వ్రాసిన 1902లోనే, ఈ ఊరికి 250 కిలోమీటర్ల దూరంలోని కలకత్తాలో ఇంకొక సంఘటన జరిగింది. గౌహర్ జాన్ గ్రామఫోను కొమ్ము ముందు నిలబడి పాడింది. మనదేశంలో తొలి రోజుల రికార్డులలో అవి ప్రసిద్ధమైనవి. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పేది. రికార్డు అచ్చుపోసేవారు విదేశంలో ఉండేవారు కాబట్టి ఏ పళ్ళెం ఎవరిదో తెలియడానికి ఆ ఏర్పాటు. గంటసేపు సాగే రాగాన్ని ఆమె మూడు నిమిషాలలో ఇమిడ్చింది. పాటకు ఆనాడు కొత్త ఆయుర్దాయం వచ్చింది, కొత్త హద్దూ వచ్చింది.

ఆ పళ్ళేలు జంషెడ్‌పూర్ వంటి వలస ఊళ్ళకు వరమయినవి. స్వగ్రామానికి ఏడాదికి ఒకసారి పోగలిగినవాడు అక్కడి గొంతును ఇంటికి తెచ్చుకోగలిగాడు. ఈ ఊరి పాత తెలుగు సంగీతప్రియుని బీరువా తెరిస్తే ఏమి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఘంటసాల చివరి కాలంలో గానం చేసిన భగవద్గీత ఉంటుంది. తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల, ఐదు రికార్డుల సంపుటం, ఉంటుంది. బాలమురళి ఉంటాడు. వాటి పక్కనే, ఇరుగుపొరుగుల సావాసం వలన, హేమంత కుమార్ బెంగాలీ పాటలు, బేగం అఖ్తర్ గజళ్ళు చేరి ఉంటాయి. స్వరాష్ట్రంలోని బీరువాకూ దీనికీ ఉన్న తేడా ఆ రెండవ వరుసయే.

ఇటీవలి కాలపు ఇష్టాలలోకి వస్తే మొదట చెప్పుకోవలసినది ఈ నేలలోనిదే. 2014 నుండి ప్రతి నవంబరులో, బిర్సా ముండా జయంతి అయిన 15వ తేదీ మొదలుకొని, టాటా స్టీల్ ఫౌండేషన్ వారు జంషెడ్‌పూర్‌లో ‘సంవాద్’ అనే గిరిజన సమ్మేళనం జరుపుతున్నారు. దేశంలోని నానా తెగల కళాకారులు దానిలో పాల్గొంటారు. అక్కడ కలిసినవారితో ‘రిథమ్స్ ఆఫ్ ది ఎర్త్’ అనే బృందం ఏర్పడింది. బెంగుళూరుకు చెందిన స్వరాత్మ బృందంతో కలిసి వారు పాటలు రికార్డు చేశారు. అఖాడాలో రాత్రంతా సాగే పాట నాలుగు నిమిషాల ఆల్బమ్ పాటగా మారేటప్పుడు కొంత పోతుంది. ఎవరు వచ్చి చేయి కలిపినా పెరిగే వరుస దానిలో ఉండదు. అయితే ఇంతకాలం ఆ పాట వినని చెవులు వింటాయి. గౌహర్ జాన్ చేసుకొన్న బేరమే ఇది, నూట ఇరవై ఏళ్ళు ఆలస్యంగా.

టెల్కో నుండి బయలుదేరిన పాట

రెండవ ఇష్టం ఒక గొంతు. శిల్పారావు 1984లో జంషెడ్‌పూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో జన్మించింది. సంగీతం చదివిన తండ్రియే ఆమెకు తొలి గురువు. ఇక్కడి బడులలో చదువుకొని, 2004లో ముంబయి చేరి, మొదట ప్రకటనల పాటలు పాడింది. 2007లో ‘అన్వర్’ చిత్రంలోని పాటతో, 2008లో ‘బచ్‌నా ఏ హసీనో’ చిత్రంలోని ‘ఖుదా జానే’తో దేశమంతటా పేరు పొందింది. 2009లో ఇళయరాజా స్వరపరచిన ‘పా’ చిత్రంలో పాడింది. 2016లో సరిహద్దు దాటి పాకిస్తాన్ కోక్ స్టూడియోలో నూరీ బృందంతో కలసి పంజాబీ జానపదం ఆలపించింది. 2023 నాటి ‘జవాన్’ చిత్రగీతానికి ఉత్తమ నేపథ్యగాయనిగా జాతీయ పురస్కారం ఆమెకు లభించినట్లు 2025 ఆగస్టులో ప్రకటించారు.

ఆమె పాడిన పాటలను వరుసగా వింటే ఒక విశేషం కనబడుతుంది. హిందీ, పంజాబీ, తమిళం, తెలుగు ఏ భాషలోనైనా ఆమె గొంతు తొందరపడదు. గట్టిగా అరచి ఆకట్టుకోవాలనే ఆత్రం లేదు. కొంచెం బొంగురు కలిసిన ఆ స్వరం ఎదుట కూర్చున్న ఒక్కరికోసం పాడుతున్నట్లు ఉంటుంది. 2023లో ఆమె పాడిన ‘జైలర్’ తమిళ పాటకు పేరుగా నిలిచినది తెలుగు మాటే. 2024లో ‘దేవర’ చిత్రం కోసం అనిరుధ్ స్వరపరచగా రామజోగయ్యశాస్త్రి వ్రాసిన ‘చుట్టమల్లే’ పాట తెలుగునాట ఇంటింటా మ్రోగింది. అది విన్నవారిలో పెక్కుమంది ఈమెను ఉత్తరాది గాయని అనుకొన్నారు. వాల్తేరు మీదుగా ఒకనాడు ఉత్తరానికి పోయిన తెలుగు గొంతులలో ఒకటి శతాబ్దం తరువాత అదే దారిన తిరిగి వచ్చిందని కొద్దిమందికే తెలుసు. గౌహర్ జాన్ రికార్డు ఆమె పేరు చెప్పింది. నేటి పళ్ళెం గాయని పేరు, చిత్రం పేరు, స్వరకర్త పేరు చెబుతుంది. గొంతును తయారుచేసిన ఊరి పేరు ఏ పళ్ళెమూ చెప్పదు.

చాప మడిచేముందు

2011 జనాభా లెక్కల నాటికి జంషెడ్‌పూర్, దాని పరిసర పట్టణాలు కలిపి 13 లక్షలు పైబడిన జనం. వందేళ్ళ క్రితం గోడలు లేచిన సంఘాలలో నేడు మూడవ, నాలుగవ తరం ఉంది. హిందీ, ఇంగ్లీషు బడులలో చదివిన ఈ తరంలో తెలుగు మాట్లాడేవారు ఉన్నారు, చదవగలిగేవారు తక్కువ. కీర్తనను దేవనాగరి లిపిలో వ్రాసుకొని పాడే బాలిక ఏ ప్రవాస భజనలోనైనా కనిపిస్తుంది. ఆమెను చూసి జాలిపడే పండితులూ ఉంటారు. కాని ఆ కాగితమైనా చేతిలో లేకపోతే ఆ ఇంట తెలుగు ఆ తరంతో ముగిసేది. లిపి పోయినచోట పాట కాపలా కాస్తున్నది.

ఆ కాపలాకు ముప్పు రికార్డు వలన రాలేదు. రికార్డు వచ్చిన తరువాత కూడా చాపలు పరిచారు, గ్రామఫోనులో విన్నది నేర్చి మంటపంలో పాడారు. ఆ రోజులలో పళ్ళెమూ ఒక ఇంట్లో నలుగురు కలిసి వినేదే. నేడు పాట ఫోనులో చేరి ఒక్కొక్క చెవికి విడివిడిగా అందుతున్నది. ప్రపంచంలోని సంగీతమంతా అరచేతిలో ఉండగా, తడబడుతూ పాడే పక్కింటి పిల్లను వినడానికి సాయంత్రం వేళ చెప్పులు వేసుకొని ఎందుకు పోవాలి? ఈ ప్రశ్నకు జవాబు సులభం కాదు. అటు పోనివారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రేపు ఆ అరచేతిలో మ్రోగబోయే గొంతు నేడు ఎక్కడో ఒక చాప ముందు తడబడుతూ ఉంటుంది. ముందు వరుసలో తాళం వేసే చేయి లేకపోతే అది అక్కడే ఆగిపోతుంది.

ఉక్కు తయారీలో ఒక నియమం ఉంది. కొలిమిని ఒకసారి చల్లారనిస్తే తిరిగి రగిలించడం మహాకష్టం. అందుకే పండుగైనా, వానైనా, అర్ధరాత్రి అయినా కొందరు దాని దగ్గర కాచుకొని ఉంటారు. ఆ నియమం తెలిసిన ఊరు జంషెడ్‌పూర్. కద్మాలోనో, సాక్చీలోనో, ఒక అఖాడాలోనో ఇరవైమంది శ్రోతలు మిగిలి ఉన్నంతకాలం, ఈ ఊరి రెండవ కొలిమికి కూడా కాపలా ఉన్నట్లే.